నేల, నెల

క్లీవ్‌డన్ పియర్ మీద, టికెట్ గది పక్కన
ఒక నల్లబల్ల.
దాని మీద పోటు వేళ రాయడం
నా ఉద్యోగంలో అతి చిన్న భాగం.
నిన్నటి అంకె తుడుస్తాను, ఇవాళ్టిది రాస్తాను.
రోజుకి యాభై నిమిషాలు ఆలస్యం,
ఒక్కోసారి గంట పైన.

నాకు ముందు ముప్ఫై ఏళ్ళు రాసిన మెర్విన్ అనేవాడు:
"సముద్రం బద్ధకిస్టు కాదమ్మా,
మనం ఒక చుట్టు తిరిగొచ్చేసరికి
చంద్రుడు కాస్త ముందుకి జరిగుంటాడు.
ఆ కాస్తా అందుకోవడానికే ఈ యాభై."
అని, చేతికంటిన సుద్ద ప్యాంటుకి తుడుచుకునేవాడు.

ఇక్కడ నీళ్ళు నాలుగంతస్తుల మేడంత లేస్తాయి.
మధ్యాహ్నం స్తంభాల మెడ దాకా వచ్చినవి
సాయంత్రానికి మోకాళ్ళు కూడా తడపవు.
మిగిలిందంతా బురద,
కడిగిన గేదె వీపులా మెరుస్తూ.

బడి వదిలాక తరళ వస్తుంది. ఏడేళ్ళు.
"చంద్రుడు తన చుట్టూ తాను తిరగడటగా,
ఎప్పుడూ ఒకటే మొహం చూపిస్తాడట,
ఇమొజెన్ చెప్పింది."
సరే, నా చుట్టూ నడువు,
నా మొహం మీంచి కళ్ళు తియ్యకు, అన్నాను.
నడిచింది, పక్కపక్కకి, పీతలా.
నా వెనకాల ఏం కనిపించాయి?
వేల్స్ కొండలు. ఎర్ర లైఫ్‌బాయ్.
ఊరు, ఐస్‌క్రీం బండి. మళ్ళీ వేల్స్.
తిరక్కుండానే నాలుగు దిక్కులూ ఎలా చూశావే?
నోరు తెరిచింది, మూసింది.
"ఐతే నేను తిరిగానా!"

తర్వాత చేతులు పెనవేసుకుని గిర్రున తిరిగాం,
ఒంగోలులో మా డాబా మీద నేనూ పిన్నీ తిరిగినట్టు.
దాని జడ గాల్లో, కాళ్ళు దాదాపు గాల్లో.
బరువుదాన్ని కదా, ఉన్నచోటే ఉన్నాననుకున్నాను.
కిందికి చూస్తే నా చెప్పులు కూడా
తడి చెక్కల మీద చిన్న సున్నా చుడుతున్నాయి.
భూమీ అంతేనట.
ఇద్దరూ కలిసి తిరిగే చోటు
భూమి నడిబొడ్డున లేదు,
మన కాళ్ళ కింద పదిహేడు వందల కిలోమీటర్ల లోతున
ఎప్పుడూ చంద్రుడి వైపుకే ఒరిగి ఉంటుంది.

మా అమ్మ దేనికైనా వరస కలిపేది.
భూమి తల్లి, చంద్రుడు మామ,
అంటే వీళ్ళు అక్కాతమ్ముళ్ళు.
నీళ్ళు ఇలా అడుగుకి రాసుకుని రాసుకుని
అక్క మెల్లబడుతోంది.
పాత పగడాల గీతలు లెక్కపెడితే
ఒకప్పుడు ఏడాదికి నాలుగు వందల రోజులుండేవట.
తమ్ముడేమో ఏటా రెండు వేళ్ళ మేర
వెనక్కి జరుగుతున్నాడు.
"చేతులు జారిపోతున్నాయా?" అంది తరళ.
జారడం కాదు, చాపడం, అన్నాను,
నిజమో కాదో నాకే తెలీక.

ఆరింటికి చినుకులు.
నేను తాళాలు వెతుకుతుంటే
సుద్దముక్క తీసుకుని పోటు వేళ కింద
తన కొత్త తెలుగులో రాసింది:
జాగ్రత్త, నెల తడిగా ఉంది.

ఏత్వం మెలిక మరిచింది.
ఈ తీరంలో ఆ అక్షరాలు
చదివేది నేనొక్కదాన్నే.
తుడుపుగుడ్డ చేతిలోనే ఉంది.
రేపెలాగూ యాభై నిమిషాలు దిద్దాలి,
అప్పుడు చూద్దాంలే.