నానిన మెట్టు

లిడియా టీచరు మొదటి రోజే చెప్పారు:
బొటనవేలు ఒకటి, చిటికెనవేలు అయిదు.
అరవై రెండేళ్ళు మోసుకు తిరిగాను గానీ
నా వేళ్ళకి నంబర్లుంటాయని
నాకు తెలీదు.

ముప్పై ఎనిమిదేళ్ళు కాలువ మీద లస్కరుని.
లాకు తలుపుల చక్రం తిప్పిన చేతులు,
దేన్నయినా పిడికిలితోనే పట్టుకుంటాయి,
కాఫీ గ్లాసుని కూడా.

నరసాపురం. చర్చి వెనక రేకుల హాలు.
శనివారం, సాయంత్రం అయిదున్నర.
బల్లల మీద నాలుగు కీబోర్డులు,
గోడవారన ఏ దొరసానో వదిలి వెళ్ళిన పియానో,
చెదలెక్కకుండా దాని కాళ్ళ కింద
కిరసనాయిలు పోసిన సత్తు గిన్నెలు.
ఫీజు నెలకి మూడొందలు.
ఎనిమిదేళ్ళ కెజియాకీ అంతే, నాకూ అంతే.
రాయితీ అడిగితే టీచరు నవ్వారు:
"ఇక్కడ అందరి వయసూ ఆరు వారాలేనండీ."

నా పక్క కుర్చీ వరహాలమ్మ గారిది.
డజను లెక్కన లేసు అల్లుతారు.
కాగితం మీది గుర్తులు ఆవిడకి పడవు,
లోపల్లోపల గళ్ళు లెక్కపెట్టుకుంటారు:
మూడు గొలుసులు, ఓ ఖాళీ,
మళ్ళీ మూడు.
"ఖాళీ కూడా అల్లికేనండీ,
అది మింగేస్తే పువ్వు రాదు."
నెల రోజులుగా టీచరు
మా బుర్రకెక్కించలేని సంగతి
క్రోషా సూది మొనతో ఎక్కించేశారు.

వెనకాల శేషు. రొయ్యల చెరువు కాపలా.
రాత్రంతా ఏరేటర్ల మోతలో కూర్చుని
ఎర్రటి కళ్ళతో వస్తాడు.
వాయించడం ఆపమంటే బెదిరిపోతాడు.
"సౌండాగితే ప్రాణం జల్లుమంటదండి,
సరుకంతా పైకి తేలిపోద్దేమోనని."
ఇప్పుడిప్పుడే
రెండు లెక్కల సేపు
నిశ్శబ్దాన్ని ఓర్చుకుంటున్నాడు.

ఇక నా సంగతి.
కుడిచెయ్యి పైమట్టం, ఎడంచెయ్యి దిగువమట్టం.
"రెండూ కలపండి" అంటారు టీచరు.
కలపడం నాకు రాకపోవడమేంటి?
పడవని మధ్యలో నిలబెట్టి
తూముని జానెడు జానెడు ఎత్తుతూ
పైనీళ్ళనీ కిందినీళ్ళనీ
ఎన్నిసార్లు సమం చేశానో.
కానీ అక్కడ తొందర పెట్టేవాడు సరంగు.
ఇక్కడ తొందరపడేది నా వేళ్ళే.

శ్రావణం వచ్చింది.
వశిష్ఠ ఎర్రగా, ఒడ్డు నిండా.
గాలిలో తేమకి పియానో చెక్క ఉబ్బింది.
నడిమధ్య ఓ మెట్టు
నొక్కితే దిగుతుంది, లేవదు.
ఆ వారమే కరెంటు పోయింది.
నాలుగు కీబోర్డులూ నోళ్ళు మూసుకున్నాయి.
సెల్‌ఫోను వెలుగులో ఆరుగురం
ముసలి పియానో చుట్టూ మూగితే
కేకు ముక్కల్లా పంచారు టీచరు,
తలా అయిదు మెట్లు.
నా వాటాలో పడింది ఆ నానిన మెట్టు,
అదీ నాలుగో వేలి కింద,
అసలే మాట వినని వేలు.

కెజియా బల్ల కిందనుంచి దూరి వచ్చింది.
"తాతా, నువ్వు నొక్కు.
నేను లేపుతా."
గోరు కింద పెట్టి
మునిగిన మెట్టుని పైకి తీసింది.
నొక్కాను. తీసింది.
ముందు ఆలస్యంగా,
తర్వాత ఒకసారి మరీ ముందుగా,
తర్వాత నా ఊపిరి చూసుకుని.
పాట ఎలా సాగిందో చెప్పలేను,
శేషు రెండుచోట్ల దారి తప్పాడు,
నేను చూస్తున్నది ఆ చిన్న వేలినే.
నీళ్ళ బరువు కింద ఎంత మునిగినా
ఒక లస్కరు ఉన్నాడులే
అనుకునేవా, ఆ రోజుల్లో, తలుపులు?

ఇంతలో కరెంటొచ్చింది.
ఫ్యాను గాలికి కాగితాలన్నీ లేచిపోయాయి.
ఎవరో చప్పట్లు కొట్టబోయారు.
వరహాలమ్మ గారు ఒప్పుకోలేదు:
"నాలుగో వరసలో ఖాళీ మింగేశాం.
విప్పండి. మొదట్నించి."

రాత్రి మంచం పట్టె మీద
నాలుగో వేలితో నొక్కుతాను.
నొక్కి, తియ్యకుండా
కాసేపు అలాగే ఉంచుతాను.