ఇవాళ ఏమీ లేదు

హల్గవిక్‌లో పెట్రోలు బంకు ఒక్కటే.
బంకు కిటికీలోంచి కనిపించేది సముద్రం ఒక్కటే.
కనక ఇష్‌బెల్‌కి వచ్చే ఫోన్లు రెండు రకాలు:
డీజిల్ ఉందా అని,
అలలున్నాయా అని.

డెబ్బై మూడేళ్ళు. ఈత రాదు.
ఉప్పునీళ్ళలో చీలమండ దాటి దిగిన పాపాన పోలేదు.
అయినా ఎక్కడో గ్లాస్గోలో
బోర్డు కారు మీదికెక్కించి, తాడు బిగించే ముందు
కుర్రాళ్ళు ఆవిడ గొంతు కోసం ఆగుతారు.
రంగురంగుల వాతావరణ పటాలు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి,
కానీ ఈ రాతి ముక్కు చాటున
అల ఎక్కడ వంగుతుందో పటాలకేం తెలుసు.

ఆవిడ కొలతలు ఆవిడవి.
గొర్రె ఎత్తు అంటే, రాకండి.
కంచె గుంజ అంటే, రావచ్చు, తొందరేం లేదు.
చర్చి తలుపు అంటే
పనికి ఎగనామం పెట్టి రాత్రికి రాత్రే బయల్దేరమని.
తలుపుని మించి ఆవిడ నోట ఏ మాటా రాదు.
"ఆపైన వచ్చేవి అలలు కావు, తుఫాను" అంటుంది.

గాలి కబురు బట్టల తీగ చెబుతుంది.
దుప్పటి గొర్రెల దొడ్డి వైపు ఎగిరితే
సముద్రమంతా ఉడుకుతున్న ఓట్ల జావ.
దుప్పటి నీళ్ళ వైపు ఎగిరిందా,
అల ముఖం ఇస్త్రీ చేసినట్టుంటుంది.

నేను ఈ దీవిలో ఉత్తరాలు పంచుతాను.
ఎర్ర వ్యానులో, పార్సిళ్ళ అడుగున
ఏడడుగుల బోర్డు.
చలికాలం తొమ్మిదింటికి గానీ తెల్లారదు,
పదింటికి ఫెర్రీలో సంచులు దిగుతాయి.
మధ్యలో మిగిలిన గంట నాది.

నీళ్ళు ఆరు డిగ్రీలు,
ఒంటి మీద రబ్బరు ఆరు మిల్లీమీటర్లు,
డిగ్రీకొకటి.
మొదటిసారి తల ముంచినప్పుడు
కనుబొమల మధ్య ఎవరో మేకు దిగ్గొడతారు.
మూడోసారికి ఆ మేకు ఎవరిదో అయిపోతుంది.
తర్వాత చేతులు కూడా.

ఆ మంగళవారం
బంకులో వేణ్ణీళ్ళ కోసం ఆగాను.
ఫ్లాస్కు మూత ఇంకా తియ్యలేదు, ఫోను మోగింది.
బయట దుప్పటి నీళ్ళ వైపు చాచుకుని ఎగురుతోంది.
దాని వెనక, కిటికీ నిండా,
ఎవరో ఓపిగ్గా దున్నుకుంటూ వచ్చినట్టు
చాలు తర్వాత చాలు.
ఒక అలకీ మరో అలకీ నడుమ పద్నాలుగు అంకెలు లెక్కపెట్టాను.

ఇష్‌బెల్ కిటికీ వంక చూస్తూనే ఉంది.
"ఏమీ లేదు నాయనా.
గొర్రె కూడా కాదు. గొర్రెపిల్ల.
అదీ పడుకునుంది."

ఫోను పెట్టేసింది.
నా వైపు తిరగలేదు.
ఫ్లాస్కులో నీళ్ళు వంచుతూ
"ఫెర్రీ పదింటికి" అంది, నాకు తెలియనట్టు.

పీట్ నేలల మీంచి ఏరు మోసుకొచ్చిన నీరు కలిసి
అల మెడ దగ్గర డికాషన్ రంగు.
వెనకనించి వెలుగు తగిలినప్పుడు తేనె.
దూరంగా ఒక సీల్ తల పైకెత్తి
నా పద్ధతేమీ నచ్చనట్టు మునిగిపోయింది.
నేను, అది, ఆ పొడుగాటి కుడివైపు అల.
అంతే. ఇంకెవరూ లేరు.

ఇంకెవరూ లేకపోవడం,
బోర్డు మీద కూచుని వెనక్కి లెక్కేసుకున్నాను.
పోయిన మార్చిలో ఆ రెండు రోజులు.
అంతకు ముందు నవంబరు, వడగళ్ళ మర్నాడు.
మంచి రోజులన్నీ ఖాళీ తీరం.
ఇన్నేళ్ళూ దాన్ని నా అదృష్టం అనుకున్నాను.

వ్యాను తాళం పళ్ళతో పట్టుకుని తిప్పాను.
గడ్డకట్టిన చేతి తొడుగులు వెనక సీటులో
ఎవరివో రెండు చేతుల్లా నిలబడ్డాయి.

కరెంటు బిల్లు ఇవ్వడానికి లోపలికెళితే
ఇష్‌బెల్ కళ్ళజోడు తుడుచుకుంటోంది.
"ఎంతుంది?"
నా పెదాలు నా మాట వినడం లేదు.
"చర్చి తలుపు" అన్నాను, సగం ఊపిరి, సగం ఉప్పు.

"తెరిచుందా, మూసుందా?"

జీవితంలో మొదటిసారి అడుగుతోంది.
నేను తల ఊపాను, ఏ ప్రశ్నకో నాకే తెలియకుండా.
ముక్కులోంచి సముద్రం ధారగా కారి
బిల్లు మీద పడింది.

అప్పుడే ఫోను మోగింది.
"డీజిలా? ఉంది" అంది ఇష్‌బెల్.
"డీజిల్ ఎప్పుడూ ఉంటుంది."