ఆ నవ్వేటోళ్ళు యాడుండారు

అసర్ నమాజు అయినాక
బాబా యాకూబు టీవీ ముందర కూచుంటాడు,
జాబ్రియా ఎండ కిటికీ బయట ఉడుకుతాంటే
లోపల ఏసీ కింద, మోకాళ్ళ మీద దుప్పటి.
క్యాసెట్టు నేనే పెట్టాల.
దాని మీద ఇంగ్లీషులో రాసింది
వేళ్ళు రాసుకొని రాసుకొని చెరిగిపాయె.

కథంతా ఒక బడి. బడిలోనే పండుకునే పిల్లోళ్ళు.
నల్ల గౌను హెడ్మాస్టరు గబ్బిలం మాదిరి వస్తాడు.
ఒక అయ్యవారు సైకిలు మీంచి బురదలో పడతాడు.
లావు పిల్లోడొకడు పరుపు కింద కేకు దాస్తాడు.
కనపడకుండా ఎవురో నవ్వుతారు,
ఒక ఊరంత మంది.

నాకు ఇంగ్లీషు రాదు. అరబ్బీ వంటింటి వరకే.
అయినా వాడు పరుపెత్తంగానే తెలిసిపాయె:
రాయచోటి హాస్టల్లో నా రేకుపెట్టె అడుగున
లంగా మడతల్లో
మా మేనత్త కట్టిచ్చిన చెనిక్కాయ ఉండలు.
చీమలు పట్టిచ్చినాయి.
వార్డెను లూర్దమ్మ ఉండలు తను తినింది,
చీమల లంగా నన్ను కట్టుకోమనింది.

ఇదంతా బాబాకు ఎట్ల చెప్పేది?
"అనా, మద్రసా, నౌమ్" అన్నా,
రెండు చేతులూ చెంప కింద పెట్టి.
"నువ్వు గూడానా, ఊబ్లా?"
ఓబులమ్మ అనేదానికి
పదకొండేండ్లయినా ఆయన నోరు తిరగలా.

పది వేళ్ళూ చూపించినాడు.
పదేండ్లప్పుడు ఓడెక్కించినారంట.
దిగినాక మంచు, ఉడకేసిన క్యాబేజీ వాసన,
ఇరవై ఇనప మంచాలు.
ఆడ ఆయన పేరుకు ఎవురి నోరూ తిరగలేదంట.
ఏడేండ్లూ జాకబ్ అన్నారంట.
అది చెప్పినాక రెండు దినాలు
నన్ను పేరు పెట్టి పిలవలా.
మూడో దినం టీ గ్లాసు అందుకుంటా
ఒక్కొక్క ముక్కా కూడబలుక్కున్నాడు.
ఊ. బు. లమ్మ.
తప్పే. అయినా "ఆఁ" అని పలికినా.

బెత్తం తీసే చోట ఊరంతా నవ్వుతాది.
బాబా నవ్వడు.
రిమోటు నొక్కి ఊరి నోరు మూయిస్తాడు.
అప్పుడు చూడాల ఆ బొమ్మ:
గౌను లేస్తాది, బెత్తం దిగుతాది,
పిల్లోడు నోరు తెరుస్తాడు, సద్దుండదు.
ఆ గదిలో నవ్వేదానికి ఏముందో
నాకు ఇప్పటికీ తెల్దు.
బాబా అరచెయ్యి తొడకు రాసుకుంటాంటాడు, పైకీ కిందికీ,
తనకు తెలీకుండానే.
నా చెయ్యి గూడా కొంగులోకి పోతాది.
లూర్దమ్మది కానుగ బరిక.

ఒకనాడు అడిగినా,
"ఆ నవ్వేటోళ్ళు యాడుండారు బాబా?"
"మాత్" అన్నాడు. "కుల్లు మాత్."
అందరూ పోయినారంట. నలభై ఏండ్ల నాటి నవ్వంట.
నేను తెర దిక్కు చూసినా.
అయ్యవారు మళ్ళా బురదలో పన్యాడు.
పోయినోళ్ళంతా మళ్ళా ఫక్కుమన్యారు.
ఈతూరి మేమిద్దరం గూడా నవ్వినాం,
వాళ్ళకంటే కొంచెం ఆలీశంగా.

బాబాకు చక్కెర జబ్బు. కోడలు బీరువాకు తాళమేసి
మిఠాయి లెక్కబెట్టి పెడతాది.
శుక్రవారం దుప్పటి మార్చేదానికి పరుపెత్తితే
కాగితం రుమాల్లో చుట్టి ఖర్జూరం బిస్కెట్లు, ఆరు.
తల మాపు దగ్గర.
గుమ్మంలో కర్ర పట్టుకొని బాబా
నన్నే చూస్తాండాడు. మాట లేదు.
ఆ మొగం డెబ్బై ఏండ్ల మొగం కాదు.

వంటింట్లోకి పోయి
ముడేసే ప్లాస్టిక్ కవరు తెచ్చినా.
గల్ఫు చీమలు సన్నంగా ఉంటాయి, ముక్కు మాత్రం
రాయచోటి చీమల ముక్కే.
అయిదు కవర్లో కట్టి యథాస్థానంలో పెట్టి
దుప్పటి పరిచి సర్దినా.

ఒకటి ఆయన ముందరే నోట్లో ఏసుకున్నా.
వార్డెను వంతు.