జూలు తాడు

పొద్దున తలుపు తీస్తే
వెనక చక్రం నేలకు అతుక్కుపోయి ఉంది,
పిసికి వదిలేసిన పిండిముద్దలా.
గోబీ అంచున మాకు గాలికి కరువు లేదు.
తలుపు తడుతుంది, పొగగొట్టంలో ఊళ వేస్తుంది,
టీలో ఇసుక కలుపుతుంది.
ఇన్ని మైళ్ళ మైదానంలో అది లేని చోటు
నా టైరొక్కటే.

పానాల పెట్టె లేదు.
వసంతంలో న్యామ్‌దెల్గెర్ అడిగితే ఇచ్చాను, రెండు రోజులన్నాడు.
మేత వెతుక్కుంటూ గుడారం విప్పుకుని వెళ్ళాడు.
నా పెట్టె కూడా వాడి మందతో వలసపోయింది.
పంపూ అందులోనే.

గుర్రం లేదా అంటారు మీరు.
ఉండేది. ఎర్ర గోధుమరంగుది.
మా దగ్గర గుర్రానికి రంగే పేరు.
ఎడమ వెనక కాలు కాస్త ఈడ్చేది.
పోయిన చలికాలం గడ్డి మీద మంచు గాజులా బిగిసింది.
డెక్కతో కొట్టింది, కొట్టింది,
నెత్తురొచ్చింది గానీ గాజు పగల్లేదు.
ఆ మాట అంతే.

రాత్రి నలభై గొర్రెలు ఉత్తరపు గుట్ట దాటాయి.
సాయంత్రానికి దుమ్ము లేస్తుందని రేడియో చెప్పింది.

బండిని పక్కకు పడుకోబెట్టాను,
డెక్కలో ముల్లు వెతకడానికి పడుకోబెట్టినట్టు.
చక్రం ఊడదీయాలంటే నట్టు విప్పాలి,
నట్టు విప్పాలంటే, సరే, న్యామ్‌దెల్గెర్ రావాలి.
ఊడదీయక్కర్లేదు అంది సెవెల్మా.
ఆవిడ ఏనాడూ బండి నడపలేదు.
ముప్పై ఏళ్ళుగా గొర్రె పొట్టలోంచి
పేగు చిరక్కుండా తీస్తోంది, అంతే.
"ఒక పక్క తెరువు. లోపలిది అదే వస్తుంది."

టైరు అంచు రిమ్ముని కరుచుకుని వదల్లేదు.
ఇద్దరం దాని మీదకెక్కి భుజాలు పట్టుకు నిలబడ్డాం.
పెళ్ళినాడు కూడా ఇంత దగ్గరగా నిలబడలేదు.
అయినా వదల్లేదు.
చెక్క పలక అడ్డం వేసి నీళ్ళ డ్రమ్ము దొర్లించాం.
టప్పుమంది,
మొండివాడు చివరికి ఊఁ అన్నట్టు.
సబ్బు నీళ్ళు పోసి మూడు చెంచాలు దూర్చాం.
ఒకటి వంగింది. వాళ్ళమ్మది.
సెవెల్మా దాన్ని చూసి, తిరగేసి,
మళ్ళీ దూర్చింది.

ట్యూబు వాల్వు మొదట్లో తెగింది.
అతుకు నిలిచే చోటు కాదు,
అతకడానికీ ఏమీ లేదు.

ఇక ఉన్ని.
ఉత్తరపు గోడకి కొత్త తొడుగు చేద్దామని దాచిన బస్తా.
తడిపి, మెలిపెట్టి, గరిటె కాడతో కుక్కాను.
బస్తా సగానికొచ్చింది.
"చలికాలం గోడలోంచి గాలి కొడుతుంది" అన్నాను.
"అప్పుడు పట్టి టైరులో పోసుకో" అంది.

నొక్కితే ఉన్ని కుంగిపోతోంది.
కింద గట్టిది ఏదో ఉండాలి.
నేను అడగలేదు.
లోపలికి వెళ్ళింది. పెట్టె మూత చప్పుడైంది.
తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

జూలు తాడు తెచ్చింది.
చచ్చిన గుర్రం మెడ దగ్గర మంచులో మోకాళ్ళేసి కత్తిరించి
మార్చి అంతా పేనిన తాడు, పన్నెండు బారలు.
దేనికని అప్పుడు చెప్పలేదు. నేనూ అడగలేదు.
రిమ్ము చుట్టూ బిగించి చుట్టాం,
పైన ఉన్ని, ఆ పైన టైరు.
చెంచాలు కడిగింది.
వంగినదాన్ని విడిగా పెట్టింది.

బండి కదిలింది. పరుగు కాదు, నడక.
చుట్టుకోసారి, తాడు ముడి ఉన్నచోట,
ఎత్తి వేస్తుంది.
కాస్త ఎడమకి ఈడుస్తుంది.
నేనేమీ అనుకోలేదు.
అనుకుంటూ కూర్చుంటే గొర్రెలు దొరకవు.
గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం, అలవాటు కొద్దీ,
"చూ, చూ" అన్నాను.
ఇంజనుకి ఆ మాట రాదు.
ఎక్కింది.

అవతల న్యామ్‌దెల్గెర్ పాత విడిది:
గుడారం లేచిపోయిన మేర గుండ్రంగా పాలిపోయిన గడ్డి.
మధ్యలో ఏదో మెరిస్తే ఆగాను.
పానా. నాదే.
నా బండికి పట్టని సైజు.
జేబులో వేసుకున్నాను.

ఉత్తరాన ఆకాశం ఇసుక రంగు తిరుగుతోంది.
వాగు ఒంపులో గొర్రెలు, ముప్పై ఎనిమిది.
మళ్ళీ లెక్కపెట్టాను.