వాంతుల డబ్బా

ఒటీలియాకి సముద్రమంటే భయం.
ఈ చిలోయె దీవుల్లో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.
ముప్పై ఒక్కేళ్లు ఆమెకి పడవ నడిపినవాణ్ణి,
ఆమె వాంతుల డబ్బా కడిగినవాణ్ణి.

రేవు దాటిందో లేదో కళ్లు గట్టిగా మూసుకునేది.
ఒళ్లో టీకాల పెట్టె,
దాని మీద రెండు చేతులూ,
పొంగబోయే పాలగిన్నె మీద మూత అదిమినట్టు.
పెదాలు కదిలేవి. ప్రార్థన కాబోలనుకునేవాణ్ణి.
ఒకరోజు గాలి పడిపోతే వినబడింది:
"రోసెందో పాపకి మూడో చుక్క,
ఇల్దా ముసలమ్మకి కాలి కట్టు,
కపితాన్‌కి ఎముక..."
కపితాన్ ఎవరన్నాను.
"కుక్క" అంది, కళ్లు తెరవకుండానే.

గడప దగ్గర ఒక నిమిషం ఆగేది.
అరచేతులు చంకల్లో దోపుకుని వెచ్చబరచుకునేది.
చల్లటి చెయ్యి తగిలితే
కడుపులో బిడ్డ ఉలిక్కిపడుతుందట.
తర్వాత దూలానికి కాటా వేలాడదీసి
గుడ్డ ఉయ్యాలలో పసివాళ్లని తూచేది.
మా ఫ్రెసియా మూడు కిలోల వంద.
అదే కాటా అడిగి తీసుకెళ్లి
బంగాళాదుంపలు తూచుకున్నానని
వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ జూలై పొగమంచు గురించి కూడా చెప్పాలి.
లిన్‌కాయ్‌లో అడెల్మో అనే పిల్లాడికి ఊపిరందడం లేదని కబురొచ్చింది.
తెడ్డు చివర తెడ్డుకే కనిపించని రాత్రి.
ఒడ్డు ఎటో తెలియక తిరిగిన చోటే తిరిగాం.
కోడి కూస్తే ఆ కూత పట్టుకుని వెళ్లాం.
అప్పటికే వాళ్లమ్మ
వాడి చొక్కాలు మడతపెట్టేసింది.

ఆ తిరుగు ప్రయాణంలో మాత్రం
ఒటీలియా కళ్లు మూసుకోలేదు.
అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు
నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.
వాంతి కూడా రాలేదు.
జీతం రాగానే ఒక కంచుగంట కొని
లిన్‌కాయ్ రేవులో కట్టించింది,
మంచు పడితే ఎవరో ఒకరు మోగించాలని.
ఇప్పుడు పిల్లలు ఊరికే మోగిస్తుంటారు.
మోగించనీ.

మార్చిలో పోయింది. నిద్రలో, నేల మీదే.
తొమ్మిది రాత్రులు జపమాల తిప్పారు.
ఏ దీవి నుంచి వచ్చినవాళ్లు
ఆ దీవి దుంపలు తెచ్చారు.
వంటింట్లో గంజు చాల్లేదు.
శవపేటిక నా పడవలోనే ఎక్కించారు.
తాడు బిగించి చూసుకుంటే
అలవాటుగా డబ్బా కూడా పెట్టి ఉన్నాను.
తియ్యబోయాను. తియ్యలేదు.

ఇప్పుడు మోటారు పడవ వచ్చింది.
నారింజ రంగు కోటేసుకుని
యసేన్యా అనే కొత్త నర్సు వచ్చింది.
ముందటావిడ రాసుకున్న పుస్తకం ఉందటగా, అని అడిగింది.
ఇచ్చాను.
రోగాలుంటాయనుకుంది పాపం.
ఏ పేజీ తిప్పినా కుక్కలే.
ఏ ఇంట్లో ఏ పేరు, కట్టేస్తారా వదిలేస్తారా,
ఏ వైపు నుంచి వెళ్తే మొరగదు.
అక్కడక్కడ మనుషులు కూడా ఉన్నారు:
"ఈయన అబద్ధాలాడతాడు, మాత్రలు పరుపు కింద వెతుకు."

సగం కుక్కలు ఎప్పుడో చచ్చిపోయాయమ్మాయ్, అన్నాను.
మిగతా సగం చెప్పు బాబాయ్, అంది.
చెప్పాను.

పడవ రేవు దాటింది.
ఆ పిల్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.
పెదాలు కదులుతున్నాయి.
ఈ మోటారు గోలలో
ఏమీ వినిపించి చావదు.