గొర్రెల మందు సీసా

ఈ ఏజెన్సీలో పనులు పంచేది నేను.
రాసేవాళ్ళు వేరు, బొమ్మలు గీసేవాళ్ళు వేరు.
కంప్యూటర్లో అన్నీ ఉంటాయి, అయినా అందరూ నమ్మేది
నా వెనక గోడకున్న నల్లబల్లనే.
మోంతెవిదెయోలో సోమవారం పొద్దున
నది మీది గాలి కిటికీని దబదబా బాదుతుంటే
మాతే గుటక వేసి సుద్దముక్క అందుకుంటాను.

బీరు, బ్రూనోకి.
ఫుట్‌బాల్ చొక్కాలు, బ్రూనోకి.
ఫోన్ కంపెనీ, బ్రూనో వద్దంటే ఇంకొకరికి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఫరవాలేదంటారు.
గిన్నెలో అడుగంటిందాకా వచ్చాక
గరిటె ఎవరి చేతిలో ఉంటేనేం?

ఇనేస్ ఎచెవెర్రి వచ్చి ఏడు నెలలు.
చీమల మందు కరపత్రం,
పరుపుల కొట్టు తగ్గింపు ధరలు,
అడుగున నలకల్లాంటి "షరతులు వర్తిస్తాయి".
ఆ నలకల్నీ ఎవరో ఒకరు కూర్చుని రాస్తారని
మీకెప్పుడైనా తట్టిందా?

ఒకరోజు నా బల్ల దగ్గర నిలబడి
"బీరు పక్కన నా పేరు పట్టదా?" అంది.
"పొడుగు పేరు కదమ్మా" అన్నాను.
నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.
చేతికి దొరికింది ఇచ్చేశాను:
గొర్రెల కడుపులో పురుగులకు మందు,
సీసా మీద లేబుల్, శుక్రవారానికి.

శనివారం సొంత డబ్బుతో బస్సెక్కి దురాస్నో వెళ్ళిందట.
సోమవారం నా నేలంతా బురద బూట్ల గుర్తులు.
"వాన పడుతోంది," అని మొదలుపెట్టింది, కోటు విప్పకుండానే.
"ముసలాయన మోకాళ్ళ మధ్య గొర్రె.
కుడి చేతిలో పిచికారీ, ఎడమ చేతిలో దాని దవడ.
కళ్ళజోడు జేబులో. జేబు కోటు లోపల.
ఎన్ని మిల్లీలీటర్లో చదవడానికి
ఆయనకింకో చెయ్యి లేదు."

లేబుల్ మీద బొటనవేలంత అంకె వేసింది.
దాని కింద:
"మీ మోకాళ్ళ మధ్య గొర్రె ఉందని తెలుసు.
అందుకే ఇంత పెద్దగా రాశాం."

గోన్సాలో చదివాడు. మళ్ళీ చదివాడు.
బాగుందనలేదు. నా మాతే తీసుకుని తాగేసి వెళ్ళాడు.
బ్రూనో మాత్రం, "గొర్రెలు బహుమతులివ్వవు" అన్నాడు.

తర్వాతి సోమవారం బీరు మళ్ళీ వచ్చింది.
ఆ పక్కన ఇనేస్ పేరు రాశానని చెప్పాలని నాకూ ఉంది.
రాయలేదు.
చెయ్యి అలవాటు కొద్దీ బ్రూనో వైపే పోయింది.
మందుల కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి
"ఆ అమ్మాయే రాయాలి" అంటూ ఇంకో పదకొండు సీసాలు పంపారు:
ఆవులకు, గుర్రాలకు, ముసలి కుక్కలకు.
ఆమె పేరు కింద ఖాళీ లేకుండా పోయింది.
అదృష్టమో, కట్టేసిన తాడో,
నాకింకా తెలియదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక
నా సుద్దముక్క తీసుకుంది.
బీరు పక్కన తన పేరు రాసుకుంటుందేమోనని చూశాను.
ఒక్క వాక్యం రాసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది:
"ఇది తాగేవాళ్ళ దగ్గరికి ఎవరైనా వెళ్ళారా?"

రాత్రి ఊడ్చడానికొచ్చిన నిల్దా తడిగుడ్డ పట్టుకుని
"తుడిచేయనా?" అంది.
వద్దన్నాను.

గురువారం బ్రూనో దాని ముందు నిలబడి ఉన్నాడు,
చేతిలో కోటుతో,
బయట వాన వెలిసిందో లేదో చూసుకుంటూ.