కుడి పక్క రెండంగుళాలు

నాంపల్లి టేషన్ వెనక గల్లీల నా దుకాణం.
సఫారీలు కుడతా.
గన్‌మన్ వస్తే ఒక్కటే అడుగుతా:
కనబడాల్నా, వద్దా?

సోమ్లా నాయక్‌కు జవాబు దొరకలే.
భూములమ్మే సారు దగ్గర కొలువు.
"బెల్టు మీద పెట్టు, నలుగురు చూడాలె,
చూడని తుపాకికి జీతమెందుకు?" అంటడట సారు.
పాత పల్టన్ దోస్తేమో
"చూసినోడు ముందుగాల నిన్నే కొడతడు" అన్నడట.

టేపు నడుం చుట్టూ తిప్పిన.
కుడి పక్క సల్లగ తగిలింది.
అంకె మర్చిపోయి మళ్ల మొదలువెట్టిన.

"దాచిననాడు బస్సుల రాడ్ పట్టుకోనన్నా.
చెయ్యి లేస్తే అంగి లేస్తది.
మెహదీపట్నం దాంక ఊగుకుంటనే వస్త.
బయట పెట్టుకున్ననాడు
ఇరానీ హోటల్ల నా బల్లకాడ
మూడు కుర్చీలు ఖాళీ.
ఎలక్షన్లకు ఠాణాల జమ చేసిన నెల
నిద్రయితే మంచిగ పట్టింది,
నడుస్తుంటే మాత్రం ఎడమకు ఒరిగిన."

లేచి పోబోయి, గడప కాడ ఆగి:
"బిడ్డ ఎప్పుడూ ఎడమ దిక్కే వచ్చి పట్టుకుంటది.
ఎవ్వరూ చెప్పలే దానికి."

నేనేమనాలె?
సుద్దముక్కతోని గీసిన,
కుడి పక్క రెండంగుళాలు వదులు.
ఎడమ జేబు కుట్టలే.
అటు దిక్కు మెత్తగుండాలె.

శుక్రవారం ట్రయల్‌కు వచ్చిండు.
అద్దం ముందు చెయ్యి లేపమన్న.
సగం లేపి ఆపిండు,
జవాబు తెలిసీ తెల్వని బడి పిల్లగాని లెక్క.